మా నాన్నను ఎవరు అడిగారు?

(సంఘం యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

మీలో కొందరు నా హాస్టల్లో చదువుకున్నవాళ్లే. అప్పుడు స్టడీ అవర్లో కునికిపాట్లు పడినవాళ్లు ఇప్పుడు పీజీలు, పీహెచ్‌డీలు చేస్తున్నారు. మిమ్మల్ని చూస్తుంటే కడుపు నిండినట్టుంది.

"చదువు గురించి నాలుగు మాటలు చెప్పండి మేడమ్" అని నిర్వాహకులు పిలిచారు. వార్డెన్‌ని కదా, హాజరు గురించో, మార్కుల గురించో చెబుతానని అనుకుని ఉంటారు. నేను మాత్రం పరిశోధన పత్రికల గురించి, మీరు జర్నల్స్ అంటారే, వాటిలో పాటించాల్సిన నీతి గురించి మాట్లాడదామని వచ్చాను. బీఈడీ చేసి వార్డెన్‌గా చేరిన ఈమెకు జర్నల్స్‌తో పనేముందని అనుకోకండి. పని పడింది. ఎలా పడిందో ముందు అది చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒక కాలేజీ నుంచి నలుగురు మా హాస్టల్‌కు వచ్చారు. గిరిజన బాలికల ఆరోగ్య అలవాట్ల మీద సర్వే అన్నారు. పైనుంచి తెచ్చిన అనుమతి కాగితం చూపించారు. ఆ కాగితం చూశాక నేను ఇంకేమీ అడగలేదు. సాయంత్రం భోజనాలకు ముందు ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లల్ని వరసగా కూర్చోబెట్టాను. వాళ్లు అడిగారు, పిల్లలు తలలు వంచుకుని చెప్పారు. చివర్లో ఒక ఫారం నా ముందు పెట్టి "ఇక్కడ సంతకం మేడమ్" అన్నారు. పెట్టాను. అందరితో కలిసి ఒక ఫోటో తీసుకున్నారు. పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్లు పంచి వెళ్లిపోయారు.

రెండేళ్ల తర్వాత ఆ పిల్లల్లో ఒకమ్మాయి, అప్పటికి ఇంటర్ చదువుతోంది, ఫోన్ పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఆ సర్వే ఒక జర్నల్‌లో వ్యాసంగా వచ్చింది. అందులో మా హాస్టల్ పేరుంది, మండలం పేరుంది, ఆ రోజు తీసిన ఫోటో ఉంది. ఫోటోలో ఆ అమ్మాయి ముందు వరసలోనే ఉంది. నెలసరి గురించి ఈ పిల్లలకు ఏమీ తెలియదని, శుభ్రత పాటించరని రాశారు. ఇంకో వాక్యం కూడా ఉంది: తల్లిదండ్రుల సమ్మతి తీసుకున్నామని. ఆ వాక్యం మీద వేలు పెట్టి ఆ అమ్మాయి అడిగింది. "మేడమ్, మా నాన్నను ఎవరు అడిగారు?"

నా దగ్గర జవాబు లేదు. వాళ్ల నాన్నను ఎవరూ అడగలేదు. ఆ మాట అబద్ధం. ఆ అబద్ధానికి సాక్ష్యంగా చూపించడానికి వాళ్ల దగ్గర ఉన్నది నా సంతకం ఒక్కటే.

ఈ రోజు నేను చెప్పేదంతా ఆ పిల్ల అడిగిన ప్రశ్న గురించే.

ముందు డిగ్రీ పిల్లలకు కూడా అర్థమయ్యేలా ఒక మాట. జర్నల్‌లో వ్యాసం ఎలా వస్తుంది? రాసినవాళ్లు పంపిస్తారు. ఎడిటర్ చూస్తారు. ఆ విషయం తెలిసిన ఇద్దరు ముగ్గురికి పంపి తప్పొప్పులు చూడమంటారు. దాన్ని పీర్ రివ్యూ అంటారు. వాళ్లు సరేనన్నాక, సవరించాక అచ్చవుతుంది. మనుషుల మీద చేసిన పరిశోధన అయితే ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందా, మనుషుల సమ్మతి ఉందా అని కూడా మంచి జర్నల్ అడుగుతుంది. కానీ ఎడిటర్ మన గూడేనికి వచ్చి చూడరు. రాసినవాళ్ల మాటే నమ్ముతారు. కాబట్టి మొత్తం వ్యవహారం నమ్మకం మీద నడుస్తుంది.

ఆ నమ్మకం తప్పితే ఏమవుతుందో ఒక ఉదాహరణ. 1998లో లాన్సెట్ అనే పేరున్న వైద్య పత్రికలో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ అనే డాక్టరు, ఇంకొందరు కలిసి ఒక వ్యాసం రాశారు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు కలిపి వేసే టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందేమోనన్న అనుమానం దాంతో ప్రపంచమంతా పాకింది. పన్నెండు మంది పిల్లల మీద రాసిన వ్యాసం అది. 2010లో లాన్సెట్ ఆ వ్యాసాన్ని వెనక్కి తీసుకుంది. తీసుకుంటూ చెప్పిన కారణాల్లో ఒకటేమిటంటే, పిల్లలకు చేసిన పరీక్షలకు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందన్న మాట అబద్ధమని తేలింది. చూశారా, ఒక్క వాక్యం. దాన్ని సరిదిద్దడానికి పన్నెండేళ్లు పట్టింది. ఈలోపు ఎన్ని ఇళ్లలో తల్లులు భయపడి పిల్లలకు టీకా మానేశారో.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో, భద్రాచలం ప్రాంతంతో సహా, పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు. పాత్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన అధ్యయనం అది. చాలామంది మన హాస్టల్ పిల్లలే. కొందరు పిల్లలు చనిపోవడంతో పెద్ద గొడవ జరిగి 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపింది. ఆ మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఇది గట్టిగా చెబుతున్నాను, ఎందుకంటే ఈ కథ చెప్పి టీకాలంటే భయపెట్టడం నా ఉద్దేశం కాదు. హెచ్‌పీవీ టీకా మంచిది. డాక్టరును అడిగి వేయించుకోండి.

తప్పు ఇంకోచోట జరిగింది. 2013 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలో ఆంధ్రప్రదేశ్ సమ్మతి పత్రాల లెక్క ఇచ్చింది. 9,543 పత్రాలు చూస్తే 1,948 వాటి మీద వేలిముద్రలున్నాయి. 2,763 పత్రాల మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలున్నాయి.

రెండు వేల ఏడు వందల అరవై మూడు. తల్లి పెట్టాల్సిన చోట, తండ్రి పెట్టాల్సిన చోట వార్డెన్ సంతకం పెట్టారు. ఆ వార్డెన్లలో నేను లేను. కానీ వాళ్లను నిందించే అర్హత నాకు లేదు. ఆ కుర్చీలో కూర్చుని పైనుంచి కాగితం వస్తే ఏం చేస్తామో నాకు తెలుసు. నేనూ అదే చేశాను. వాళ్లది టీకా, నాది సర్వే. చెయ్యి మాత్రం ఒకటే.

ఐసీఎంఆర్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలు చదివాక నాకు తెలిసింది. గిరిజన ప్రాంతంలో పరిశోధన చేయాలంటే పెద్దల అనుమతి తీసుకోవాలి. అయితే పెద్ద ఒప్పుకున్నంత మాత్రాన మనిషి ఒప్పుకున్నట్టు కాదు. ఎవరి సమ్మతి వాళ్లది. పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి, ఏడేళ్లు దాటిన పిల్లల ఇష్టం కూడా అడగాలి. నేను ఆ రోజు గేటు తెరవడానికి మాత్రమే అనుమతి ఇవ్వగలను. ఆ పిల్లల తరఫున "సరే" అనే హక్కు నాకు లేదు.

మనకే ఇలా జరిగిందా? లేదు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ అనే పెద్ద లోయలో హవసుపాయ్ అనే చిన్న తెగ ఉంది. వాళ్లలో షుగర్ జబ్బు ఎక్కువ. 1990 నుంచి అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్లు వచ్చి రక్తం తీసుకున్నారు. షుగర్ ఎందుకు వస్తుందో కనుక్కుంటారని జనం చేతులు చాపారు. ఆ రక్తాన్నే మానసిక వ్యాధుల మీద, దగ్గరి సంబంధాల పెళ్లిళ్ల మీద, వాళ్ల పూర్వీకులు ఎక్కడి నుంచి వలస వచ్చారన్న దాని మీద పరిశోధనలకు వాడారు. జర్నల్స్‌లో వ్యాసాలు వచ్చాయి. తాము ఆ లోయలోనే పుట్టామని నమ్మే జనం వాళ్లు. వాళ్ల రక్తంతోనే, వాళ్లను అడక్కుండానే, కాదని రాశారు.

ఇది ఎలా బయటపడింది? 2003లో కార్లెటా టిలౌసీ అనే హవసుపాయ్ యువతి అదే యూనివర్సిటీలో ఒక పీహెచ్‌డీ ప్రజెంటేషన్‌కు వెళ్లి కూర్చుంది. తన తెగ రక్తం మీదే ఆ పరిశోధన అని విని లేచి, దీనికి అనుమతి తీసుకున్నారా అని అడిగింది. ఆ ప్రశ్నతో మొదలై కోర్టు దాకా వెళ్లింది. 2010లో యూనివర్సిటీ రాజీ పడింది. 41 మందికి కలిపి ఏడు లక్షల డాలర్లు ఇచ్చింది, మిగిలిన రక్తం నమూనాలు తిరిగి ఇచ్చేసింది. తమ వాళ్ల రక్తాన్ని వాళ్లు సొంత ఊరికి తెచ్చుకున్నారు.

చెల్లెళ్లూ, తమ్ముళ్లూ, ఆ హాలులో ఆ అమ్మాయి ఎందుకు అడగగలిగింది? చదువుకుంది కాబట్టి అక్కడ కూర్చోగలిగింది. తన జనాన్ని మరిచిపోలేదు కాబట్టి లేవగలిగింది. మిమ్మల్ని చదివించేది ఈ రెండూ కలవాలనే.

అయితే ఇంతవరకు బయటివాళ్లు మనకు చేసిన దాని గురించే చెప్పాను. ఇక్కడితో ఆపితే అందరూ చప్పట్లు కొడతారు, హాయిగా ఇంటికి వెళ్తాం. కానీ ఇప్పుడు పరిశోధన చేసేది మీరు. కలం మీ చేతికి వచ్చింది. కాబట్టి మిగతా మాటలు మీకు.

మొదటిది, కాపీ. యూజీసీ 2018లో నిబంధనలు పెట్టింది. మీ థీసిస్‌లో ఇతరుల రాతలతో పోలిక పది శాతం లోపు ఉంటే శిక్ష లేదు. పది నుంచి నలభై దాకా ఉంటే సరిచేసి ఆరు నెలల్లోపు మళ్లీ ఇవ్వాలి. నలభై నుంచి అరవై దాకా ఉంటే ఏడాది పాటు ఇవ్వనివ్వరు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. ఇది మీకు తెలుసు. పది శాతం లోపు తేవడానికి మాటలు అటూ ఇటూ మార్చడం కూడా కొందరికి తెలుసు. ఈ మధ్య ఏఐతో రాయించేస్తున్నారు. అది లేని పుస్తకాన్ని ఉన్నట్టు చూపిస్తుంది, జాగ్రత్త. రాసిన దానికి జవాబు చెప్పుకోవాల్సింది మనిషే కాబట్టి దాన్ని రచయితగా పెట్టకూడదని పత్రికల నీతి సంస్థ కోప్ 2023లోనే చెప్పింది.

కానీ ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకోలేని కాపీ ఒకటుంది. మీ అవ్వ చెప్పిన కథ, గూడెంలో వైద్యం చేసే తాత చూపించిన ఆకు, డోలి పట్టిన కళాకారుడు పడిగె విప్పి పాడిన ఇలవేల్పు చరిత్ర. ఇవి ఎక్కడా అచ్చు కాలేదు కాబట్టి మీ వ్యాసంలో పెట్టుకుంటే పోలిక సున్నా శాతం వస్తుంది. యంత్రం దృష్టిలో అది మీ సొంతం. అది మీ సొంతమా?

సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. మన కోయ భాషలో సమ్మక్క సారలమ్మల కథలు గొంతులో పెట్టుకుని తిరిగిన మనిషి. 2024లో మనల్ని విడిచి వెళ్లారు. ఆయన పేరు లోకానికి తెలిసింది. అలాంటి వాళ్లు ఇంకా ఎందరో ఉన్నారు, వ్యాసాల్లో మాత్రం వాళ్లు "సమాచారదాత 1", "సమాచారదాత 2" గానే మిగులుతున్నారు. హాస్టల్ పిల్లల పేరు దాచాలి, ఎందుకంటే వాళ్లకు అవమానం జరుగుతుంది. పాట పాడిన పెద్దమనిషి పేరు చెప్పాలి, ఎందుకంటే ఆ విద్య ఆయనది. ఎక్కడ దాచాలి, ఎక్కడ చెప్పాలి? మీరు ఊహించుకోవద్దు. ఆ మనిషినే అడగండి.

రెండోది, పేర్ల అరువు. "మూడో రచయితగా పేరు పెడతాం, ఇంత కట్టండి" అని వాట్సాప్‌లో ప్రకటనలు వస్తున్నాయి. పని చేయని వాళ్ల పేరు చేర్చడం తప్పు. పని చేసిన వాళ్ల పేరు తీసేయడం అంతకన్నా తప్పు. వైద్య పత్రికల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ చెప్పేది సులువుగా ఇది: పనిలో చెప్పుకోదగ్గ పాలు ఉండాలి, రాయడంలోనో దిద్దడంలోనో చెయ్యి ఉండాలి, అచ్చుకు ముందు చూసి ఒప్పుకోవాలి, రేపు ప్రశ్న వస్తే నిలబడాలి. నాలుగూ ఉంటేనే రచయిత. పీహెచ్‌డీ పిల్లలు మొదటిరోజే గైడ్‌తో మర్యాదగా ఈ మాట మాట్లాడుకోండి. పేపరు అయిపోయాక మాట్లాడటం కష్టం.

మూడోది, డబ్బు జర్నల్స్. ఒక రాత్రి నా పాత విద్యార్థి ఫోన్ చేశాడు. "మేడమ్, మూడు రోజుల్లో వేస్తారట, స్కాలర్‌షిప్ డబ్బులు ఉన్నాయి, కట్టేయనా?" అని. మూడు రోజుల్లో ఎవరు చదువుతారు నాయనా అని అడిగాను. 2013లో జాన్ బొహానన్ అనే విలేకరి సైన్స్ పత్రిక కోసం ఒక పరీక్ష పెట్టాడు. కావాలనే తప్పులు పెట్టి ఒక దొంగ వ్యాసం రాసి, లేని శాస్త్రవేత్త పేరుతో 304 జర్నల్స్‌కు పంపాడు. 157 జర్నల్స్ వేసుకుంటామన్నాయి. చదివితే కదా తప్పు కనబడేది!

అంతకుముందు ఏది మంచి జర్నల్ అంటే యూజీసీ కేర్ జాబితా చూసుకోమనేవాళ్లు. 2025 ఫిబ్రవరిలో ఆ జాబితా ఆపేశారు. ఇక చూసుకోవాల్సింది మీరు, మీ విద్యాసంస్థ. డబ్బు అడిగిన ప్రతి జర్నలూ దొంగది కాదు, మంచివాటిలోనూ కొన్నింటికి ఫీజు ఉంటుంది, పేద దేశాల వాళ్లకు కొన్ని తగ్గిస్తాయి కూడా. కానీ రివ్యూ లేకుండా డబ్బు తీసుకుంటే అది జర్నల్ కాదు, జిరాక్స్ షాపు. ఐఎస్ఎస్ఎన్ నంబరు చూసి మోసపోకండి. అది బండికి నంబరు ప్లేటు లాంటిది, బ్రేకులు పనిచేస్తాయని చెప్పదు. ఎడిటర్లు నిజంగా ఉన్నారా, తమ యూనివర్సిటీ పేజీలో ఆ సంగతి రాసుకున్నారా చూడండి. అందులో వచ్చిన నాలుగు పాత వ్యాసాలు చదవండి. పీహెచ్‌డీ ఇవ్వడానికి ముందు పేపరు వేసి తీరాలన్న నిబంధనను యూజీసీ 2022లోనే తీసేసింది. మీ యూనివర్సిటీ ఏమంటుందో కనుక్కోండి. భయంతో డబ్బు కట్టకండి.

మళ్లీ నా హాస్టల్ పిల్ల దగ్గరికి వస్తాను. ఆ రోజు నేను "అయ్యిందేదో అయింది, చదువు మీద దృష్టి పెట్టు" అని పంపించేయొచ్చు. నోటి దాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల కదల్లేదు. ఇద్దరం కూర్చుని ఆ జర్నల్ ఎడిటర్‌కు ఉత్తరం రాశాం. తల్లిదండ్రులను అడగలేదని, ఫారం మీద ఉన్నది నా సంతకమని, అది నా తప్పేనని రాశాను. అది రాసేటప్పుడు చెయ్యి వణికింది. ఉద్యోగం గుర్తొచ్చింది. మొదటి ఉత్తరానికి జవాబు లేదు. నెల తర్వాత మళ్లీ పంపాం. ఈసారి ఎడిటర్ విచారించారు. ఫోటో తీసేశారు, హాస్టల్ పేరు తీసేశారు, సమ్మతి గురించిన మాట సరికాదని ఒక సవరణ ప్రకటన వేశారు. వ్యాసం మాత్రం అలాగే ఉంది. మాకు దక్కింది అంతే. అయినా ఆ పిల్ల వాళ్ల నాన్నకు ఫోన్లో ఆ ప్రకటన చదివి వినిపించింది, కోయలోకి మార్చి చెప్పింది. ఆయన్ను అప్పుడు అడిగారు, మొదటిసారి.

ఆ తర్వాత నా హాస్టల్‌లో ఒక పద్ధతి పెట్టాను. ఎవరు ఏ కాగితం తెచ్చినా, ఎథిక్స్ కమిటీ అనుమతి చూపించాలి. ప్రశ్నలు ముందే ఇవ్వాలి. నెలకోసారి తల్లిదండ్రులు పిల్లల్ని చూడటానికి వచ్చినప్పుడు వాళ్ల భాషలో చెప్పి అడగాలి. వద్దన్న పిల్లను పక్కన కూర్చోబెట్టాలి, కోప్పడకూడదు. అచ్చయిన వ్యాసం కాపీ మాకు ఇవ్వాలి. చాలామంది ఒప్పుకుంటున్నారు. ఒప్పుకోని వాళ్లు మళ్లీ రావడం లేదు, అదీ మంచిదే.

ఇది ఒక హాస్టల్ పని కాదు, సంఘం పని. దక్షిణాఫ్రికాలో శాన్ జనం 2017లో తమ మీద పరిశోధన చేసేవాళ్ల కోసం సొంతంగా ఒక నియమావళి రాసుకున్నారు. గౌరవం, నిజాయితీ, న్యాయం, శ్రద్ధ, సరైన పద్ధతి, ఇవే దాంట్లో ముఖ్యం. మనకు చట్టం బలం కూడా ఉంది. 1996 పెసా చట్టం మన ఆచారాలను, సంస్కృతిని కాపాడుకునే అధికారం గ్రామసభకు ఇచ్చింది. 2006 అటవీ హక్కుల చట్టం అడవి గురించి, సంస్కృతి గురించి మనకు తరతరాలుగా ఉన్న జ్ఞానం మీద మనకు సామూహిక హక్కు ఉందని చెప్పింది. అందుకే కార్యవర్గానికి ఈ వేదిక మీదే నా విన్నపం. కోయలోనూ తెలుగులోనూ ఒకే ఒక్క పేజీ రాద్దాం. పరిశోధనకు వచ్చేవాళ్లు ఏం చూపించాలి, ఎవరిని అడగాలి, ఏం తిరిగి ఇవ్వాలి అన్నది అందులో ఉండాలి. పెద్దలు చెప్పండి, చదువుకున్న మీరు రాయండి, గ్రామసభల్లో పెడదాం. ఆ పేజీ బయటివాళ్లకు ఎంతో, మన పీహెచ్‌డీ పిల్లలకూ అంతే.

మీ పేపరు ఏదైనా అచ్చుకు పంపే ముందు, ఆఖరి బటన్ నొక్కే ముందు, ఒక్క నిమిషం ఆగండి. అందులో ఉన్న మనుషుల్లో ఒకరి కూతురు రేపు చదువుకుని, ఆ వ్యాసం ఫోన్లో తెరిచి, మీ ఎదురుగా నిలబడుతుందనుకోండి. "మా నాన్నను ఎవరు అడిగారు?" అంటుంది. "నేనే అడిగానమ్మా, మీ ఇంటి అరుగు మీద కూర్చుని అడిగాను" అని చెప్పగలిగితే పంపండి. చెప్పలేకపోతే ఆ ఊరికి మరోసారి వెళ్లి రండి. బస్సు చార్జీలు పోతే పోతాయి.

జై ఆదివాసీ.